డెక్ కింద దూరింది పందికొక్కు కాదు

ముందు మీ పరిస్థితి నాకు సరిగ్గా అర్థమైందో లేదో చూడండి. డల్లాస్‌కి ఉత్తరాన కొత్త కాలనీలో ఇల్లు. కాకినాడ నుంచి అమ్మగారు, నాన్నగారు వచ్చి ఉన్నారు. పది రోజులుగా రాత్రిపూట డెక్ (ఇంటి వెనక చెక్క అరుగు) కింద చప్పుడు. మొన్న పొద్దున్నే నాన్నగారు సొరపాదుకి నీళ్లు పోయడానికి వెళ్తే పిల్లి అంత జంతువొకటి, తెల్లటి మొహం, వెంట్రుకల్లేని తోక, నోరు తెరుచుకుని చచ్చి పడి ఉంది. దగ్గరికి వెళ్లలేనంత కంపు. ఆయన లోపలికెళ్లి గార్బేజ్ బ్యాగ్ తెచ్చేసరికి అక్కడ ఏమీ లేదు. అప్పటి నుంచి "పెద్ద పందికొక్కు, మందు పెట్టాల్సిందే" అంటున్నారు. పెస్ట్ కంట్రోల్ అతనేమో ట్రాప్ పెట్టి పట్టుకుని దూరంగా వదిలేస్తానన్నాడు. ఇంట్లో నాలుగేళ్ల పాప, ఒక బీగిల్ కుక్క. రేబిస్ ఏమైనా వస్తుందా అని మీ టెన్షన్.

మందు పెట్టొద్దు, ట్రాపూ పెట్టించొద్దు. అది అపోసమ్. ఇక్కడివాళ్లు పాసమ్ అనేస్తారు. చాలావరకు దాని దారిన అదే పోతుంది.

నేను టెక్సస్ వచ్చి ఇరవై రెండేళ్లయింది. ఉద్యోగం అకౌంట్స్‌లో. తొమ్మిదేళ్లుగా వారాంతాల్లో, దెబ్బతిన్న, తల్లిలేని అడవి జంతువుల్ని సాకి వదిలే ఒక వైల్డ్‌లైఫ్ రిహాబ్ సెంటర్‌లో వాలంటీర్‌గా చేస్తున్నాను. మార్చి వచ్చిందంటే మా గదిలో సగం డబ్బాలు అపోసమ్ పిల్లలతోనే నిండిపోతాయి. వెటర్నరీ డాక్టర్‌ని కాను కాబట్టి వైద్యం జోలికి పోను. చేత్తో పట్టుకుని, పెంచి, వదిలిపెట్టిన అనుభవంతో చెప్పగలిగింది చెప్తాను.

నాన్నగారు పందికొక్కు అన్నారంటే తప్పు పట్టలేం. మొదటిసారి మా అత్తగారూ అదే మాట అన్నారు. అసలు ఆ మాటకో తమాషా కథ ఉంది. ఇంగ్లీషులో బ్యాండికూట్ అనే మాట పుట్టింది మన తెలుగు "పందికొక్కు" నుంచే. దాన్ని నేర్చుకున్న తెల్లవాళ్లు ఆస్ట్రేలియా వెళ్లి, అక్కడ కడుపు సంచిలో పిల్లల్ని పెంచే ఓ చిన్న జంతువు కనబడితే దానికి ఆ పేరు తగిలించారు. మన పందికొక్కు ఎలుక జాతిది, ఆ జంతువు కంగారూ బంధువు. ఇప్పుడు మన పెద్దవాళ్లు అమెరికా వచ్చి మళ్లీ సంచి జంతువునే చూసి పందికొక్కు అంటున్నారు! అపోసమ్‌కి ఎలుకతో చుట్టరికమే లేదు. మెక్సికోకి ఉత్తరాన, అంటే అమెరికా, కెనడాల్లో, కడుపు సంచి ఉన్న జంతువు ఇదొక్కటే. పేరు కూడా ఇక్కడి మూలవాసుల మాటే. 1600ల మొదట్లో వర్జీనియాలో దిగిన ఇంగ్లీషువాళ్లు పౌహాటన్ భాషలో విని రాసుకున్నారు. తెల్లటి జంతువు అని దాని అర్థం.

ఇక నాన్నగారు చూసిన శవం సంగతి. చచ్చినట్టు నటించింది అంటాం కానీ అది నటన కాదు. బాగా బెదిరినప్పుడు దాని ఒళ్లే అలా కట్టేసుకుంటుంది, దాని చేతుల్లో ఉండదు. పక్కకి ఒరిగిపోతుంది, నాలుక వేలాడుతుంది, చొల్లు కారుతుంది, గుండె, ఊపిరి నెమ్మదిస్తాయి, వెనక నుంచి ఆకుపచ్చటి ద్రవం కారుతుంది. ఆ కంపు దానిదే. కుక్కో నక్కో వాసన చూసి, కుళ్లిన మాంసం అనుకుని వదిలేయాలని ప్రకృతి ఏర్పాటు. కొన్ని నిమిషాలు ఉండొచ్చు, కొన్ని గంటలు కూడా ఉండొచ్చు. తేరుకునేటప్పుడు ముందు చెవులు కదులుతాయి. నాన్నగారు బ్యాగ్ కోసం లోపలికి వెళ్లడం దాని అదృష్టం. ఇలా పడున్న వాటిని చచ్చాయనుకుని చెత్తడబ్బాలో వేసేసినవాళ్లు నాకు తెలుసు. మళ్లీ కనబడితే కుక్కనీ పాపనీ లోపలికి తీసుకెళ్లి, రెండు మూడు గంటలు అటువైపు ఎవరూ పోకండి. నీళ్లు చల్లడం, కర్రతో కదపడం వద్దు.

అలా పడిపోకముందు మాత్రం కాస్త హడావిడి చేస్తుంది. నోరు బార్లా తెరిచి యాభై పళ్లు చూపిస్తుంది. ఉత్తర అమెరికాలో నేల మీద తిరిగే ఏ పాలిచ్చే జంతువుకీ అన్ని పళ్లు లేవు. బుస కొడుతుంది, చొల్లు కారుస్తుంది. చూసినవాళ్లు రేబిస్ అని ఖాయం చేసేసుకుంటారు. అది భయం, అంతే. రేబిస్ ఏ పాలిచ్చే జంతువుకైనా రావచ్చు కాబట్టి అపోసమ్‌కి రానే రాదని చెప్పను, కానీ చాలా అరుదు. దాని ఒంటి వేడి 34-35 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంటుంది, ఆ చల్లదనంలో వైరస్ సరిగ్గా పెరగదేమో అని ఒక వివరణ. టెక్సస్‌లో రేబిస్ అంటే ముందు భయపడాల్సింది గబ్బిలాలకీ, కంపు రసం చిమ్మే స్కంక్‌లకీ. పొరపాటున ఏదైనా కరిస్తే మాత్రం, అపోసమ్ అయినా సరే, సబ్బుతో బాగా కడిగి అదే రోజు డాక్టర్‌కి చూపించండి. పగటిపూట కనబడింది కాబట్టి జబ్బు చేసిందనుకోవడం కూడా తప్పే. ఆకలేసిన తల్లి పగలూ తిరుగుతుంది.

రేబిస్ కన్నా మీరు పట్టించుకోవాల్సింది దాని ఒంటి మీద ఉండే ఫ్లీస్ (బొచ్చులో ఉండి రక్తం తాగే చిన్న పురుగులు) సంగతి. టెక్సస్‌లో ఫ్లీస్ ద్వారా వచ్చే టైఫస్ జ్వరం ఉంది (మన టైఫాయిడ్ కాదు, వేరే జబ్బు). అపోసమ్‌లు, ఊరపిల్లులు, ఎలుకలు ఆ ఫ్లీస్‌ని మోసుకొస్తాయి. బీగిల్‌కి నెలనెలా ఇచ్చే ఫ్లీ మందు మానకండి. డెక్ చుట్టూ పెంట కనబడితే గ్లౌజులు వేసుకుని తీయండి. పాపని డెక్ కింద దూరనివ్వకండి. అంతకు మించి హైరానా పడక్కర్లేదు.

ట్రాప్ ఎందుకు వద్దన్నానంటే, మొదటి సంగతి, ఇప్పుడు మే నెల. డెక్ కింద ఉన్నది ఆడదైతే సంచిలోనో వీపు మీదో పిల్లలుంటాయి, లేదా కాస్త పెద్దవై గూట్లో ఉండిపోతాయి. తల్లిని ఒక్కదాన్నే పట్టుకెళ్తే పిల్లలు మీ డెక్ కిందే చస్తాయి. ఆ వాసన ముందు మొన్నటిది ఎందుకూ పనికిరాదు. రెండోది, తెలియని చోట వదిలిన జంతువుకి నీళ్లెక్కడ, తిండెక్కడ, దాక్కోవడం ఎక్కడ అనేది ఒక్కటీ తెలియదు, తిరిగి తిరిగి ఏ రోడ్డు మీదో పడుతుంది. "దూరంగా వదిలేస్తాను" అన్నమాట మన మనసుకి హాయిగా ఉంటుంది, దానికి కాదు. అడవి జంతువుల్ని పట్టి ఇంకోచోట వదలడానికి చాలా రాష్ట్రాల్లో నిబంధనలున్నాయి, ఎవరి పర్మిషన్‌తో ఎక్కడ వదులుతున్నారో అతన్ని అడిగి చూడండి. మూడోది, బొరియ అలాగే ఉంటే ఇది పోయినా ఇంకోటి దూరుతుంది. దానికోసం డబ్బులు కట్టడం నాకైతే దండగ అనిపిస్తుంది.

అపోసమ్ ఒకచోట కాపురం పెట్టే రకం కాదు. నాలుగు రోజులు ఇక్కడ, మూడు రోజులు పక్కింటి షెడ్ కింద. తనంత తాను గొయ్యి తవ్వుకోవడం కూడా తక్కువే, ఎవరో వదిలేసిన బొరియలోనో డెక్ సందులోనో సర్దుకుంటుంది. అందుకే దాన్ని పంపించడం సులువు. బొరియ నోట్లో న్యూస్‌పేపర్ ఉండ చేసి వదులుగా కుక్కండి. లోపల ఎవరైనా ఉంటే రాత్రికి దాన్ని తోసుకుని బయటికొస్తారు. వరసగా మూడు రాత్రులు కాగితం కదలకపోతే ఖాళీ అయినట్టు. అప్పుడు ఇనుప మెష్ బిగించి, కింది అంచుని నేలలోకి ఒక అడుగు దింపి బయటివైపు మడవండి. ప్లాస్టిక్ వల పనికిరాదు. తొందరగా వెళ్లాలంటే సందు దగ్గర ఒక లైటు, చిన్నగా మాటలు వచ్చే రేడియో పెట్టండి, చీకటీ నిశ్శబ్దమూ లేని చోట అది ఎక్కువ రోజులు ఉండదు. ఈలోపు కుక్క తిండి రాత్రి బయట వదలకండి, రాలిన పీచ్ పళ్లు ఎత్తేయండి, కంపోస్ట్‌లో చికెన్ ఎముకలు వేయకండి. సొరపాదు జోలికి అది వస్తుందని భయపడక్కర్లేదు. నా పెరట్లో గోంగూర, బెండ, సొర అన్నీ ఉన్నాయి, ఇన్నేళ్లలో అది పాడుచేసింది పండిపోయి కిందపడ్డ టమాటాలనే.

ఎలుకల మందు అసలు వద్దు. మందు తిన్న ఎలుకని గుడ్లగూబ తింటుంది, పక్కింటి పిల్లి తింటుంది, మీ బీగిల్ కూడా నోట కరుచుకోవచ్చు. ఎలుకల కోసం పెట్టే జిగురు అట్టలు అంతకంటే ఘోరం. చిన్న అపోసమ్ పిల్లలు వాటికి అతుక్కుని మా దగ్గరికి వస్తుంటాయి, విడదీసేసరికి చర్మం ఊడొస్తుంది.

ఇప్పుడు మీరు వాట్సాప్‌లో చూశానన్న పోస్టు. "ఒక్క అపోసమ్ సీజన్‌కి అయిదు వేల పిడుదుల్ని తింటుంది, కాబట్టి కాపాడండి." ఇది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తాను. 2009లో న్యూయార్క్ రాష్ట్రంలో కొందరు పరిశోధకులు బోనుల్లో పెట్టిన జంతువుల మీద ఒక్కోదానిపై వంద పిడుదు పిల్లల్ని వదిలి, రక్తం తాగి కిందపడ్డవి లెక్కపెట్టారు. అపోసమ్ మీద నుంచి చాలా తక్కువ పడ్డాయి. మిగతావి ఒళ్లు నాక్కుంటూ తినేసి ఉంటుందని లెక్క కట్టారు. అక్కడి నుంచి ఆ వేలు వచ్చాయి. 2021లో వేరే పరిశోధకులు బయట తిరిగే 32 అపోసమ్‌ల కడుపుల్లో ఉన్నది తీసి వెతికారు. ఒక్క పిడుదు కూడా దొరకలేదు. కాబట్టి దాన్ని పిడుదుల మందుగా చూపించి ఎవర్నీ ఒప్పించకండి. నేనూ కొన్నేళ్లు అదే చెప్పి ఊరంతా తిరిగాను, ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. మన పెరట్లో తిరగాలంటే ఏదో ఒక ఉద్యోగం చేసి తీరాలని ఉడతని అడగం, పిచ్చుకని అడగం. దీన్ని మాత్రం ఎందుకు అడగాలి?

చేసే పని లేదని కాదు. నత్తలు, పురుగులు, కుళ్లిన పళ్లు, చచ్చిన జంతువులు, చిన్న ఎలుకలు, అన్నీ తింటుంది. కాపర్‌హెడ్, రాటిల్ స్నేక్ లాంటి పాముల్ని కూడా. వాటి విషం దాని రక్తంలో ఉన్న ఒక ప్రొటీన్ వల్ల పని చేయదు. ఈ విషయంలో మనకి ఆసక్తి కలిగించేది ఒకటుంది. ఆ ప్రొటీన్‌లోని ఒక చిన్న ముక్కని బ్యాక్టీరియాతో తయారుచేయించి శాన్ హోజే స్టేట్ యూనివర్సిటీ వాళ్లు ఎలుకల మీద చూశారు. 2015లో వివరాలు చెప్పారు. రాటిల్ స్నేక్ విషం మీదా, పాకిస్తాన్ నుంచి తెచ్చిన రక్తపింజర విషం మీదా అది పనిచేసింది. మన పొలాల్లో వరి కోతలప్పుడు భయపడే రక్తపింజరే అది. అయితే ఎలుకల మీద పనిచేసినవన్నీ మందులు కావు, ఇంకా ఆసుపత్రికి వచ్చే దశకి చేరలేదు.

దాని వల్ల నష్టాలు కూడా చెప్పకపోతే నా సమాధానం ఒకవైపు మాటే అవుతుంది. కోళ్లు పెంచేవాళ్లుంటే రాత్రి గూడు గట్టిగా మూయాలి, గుడ్లు తింటుంది, పిల్లల్ని కూడా వదలదు. గుర్రాలున్న చోట దాని పెంట దాణాలో కలిస్తే ఈపీఎమ్ అనే నరాల జబ్బు వస్తుంది. రాంచ్ ఉన్నవాళ్లు దీన్ని తిట్టుకోవడానికి కారణం అదే, వాళ్లతో నేను వాదించను. దాణా డబ్బాలకి మూతలు పెట్టమని మాత్రం చెప్తాను. మీకు కోళ్లూ లేవు, గుర్రాలూ లేవు.

ఇక్కడికి మీ ప్రశ్నకి జవాబు అయిపోయింది. మీరు అడగనిది ఒకటి చెప్పాలి, నిజానికి దానికోసమే ఇంత పొడుగు రాస్తున్నాను.

వాలంటీర్‌గా చేరకముందు, ఒక ఏప్రిల్‌లో ఇంటి దగ్గర రోడ్డు పక్కన చచ్చిపోయిన అపోసమ్ చుట్టూ మూడు పిల్లలు పాకుతూ కనిపించాయి. ఇంటికి తెచ్చాను. పాలు కాచి, చల్లార్చి, ఇంక్ ఫిల్లర్‌తో పట్టాను, మనింట్లో పిల్లి పిల్లలకి పట్టినట్టు. తెల్లారేసరికి రెండు పోయాయి. ఆవు పాలు వాటికి పడవని, పైగా అవి చప్పరించవని నాకు తెలియదు. అపోసమ్ పిల్ల పుట్టేటప్పటికి తేనెటీగంత ఉంటుంది. గర్భం మొత్తం 12, 13 రోజులే. ఇంకా ఆకారం కూడా రాని ఆ పిల్ల తల్లి పొట్ట మీద పాక్కుంటూ సంచిలోకి చేరి చనుమొనని నోట కరుచుకుంటుంది. అది నోట్లోనే ఉబ్బి బిగుసుకుంటుంది. ఇక వారాల తరబడి వదలదు. సాధారణంగా చనుమొనలు 13. ఇరవై పుట్టినా 13కి మించి బతికే దారి లేదు. అలా పెరిగే పిల్లకి నోట్లో చుక్కలు పోస్తే ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. రిహాబ్‌లో మేం సన్నటి గొట్టం నేరుగా పొట్టలోకి దింపి పాలు పడతాం, అది నేర్చుకోవడానికే నాకు ఒక సీజన్ పట్టింది.

కాబట్టి రోడ్డు మీద చచ్చిన అపోసమ్ కనబడితే, ట్రాఫిక్ లేని చోటైతేనే, హజార్డ్ లైట్లు వేసి ఆగండి. గ్లౌజులో, ప్లాస్టిక్ కవరో చేతికి వేసుకుని పొట్ట మీద సంచి ఉందేమో చూడండి. తల్లి పోయి చాలాసేపైనా లోపల పిల్లలు బతికి ఉండొచ్చు. చనుమొన పట్టుకుని ఉంటే లాగొద్దు, నోరు చిరిగిపోతుంది. తల్లి శవంతో సహా ఒక అట్టపెట్టెలో పెట్టి తీసుకురండి. చెప్పడానికే బాగోలేదు, తెలుసు. అదే పద్ధతి. చుట్టుపక్కల గడ్డిలో కూడా వెతకండి, దెబ్బకి పిల్లలు ఎగిరిపడి ఉంటాయి. పాత టీషర్టులో చుట్టి వెచ్చగా, చీకట్లో ఉంచండి. పాలు, నీళ్లు, ఏమీ ఇవ్వొద్దు. యానిమల్ హెల్ప్ నౌ అనే సైటులో మీ జిప్ కోడ్ కొడితే దగ్గర్లో ఉన్న రిహాబిలిటేటర్ల నంబర్లు వస్తాయి. ఇంట్లో పెంచేసుకుందాం అనుకోవద్దు. టెక్సస్‌లో దానికి రాష్ట్రం పర్మిట్ కావాలి. అంతకన్నా ముఖ్యం, తిండిలో క్యాల్షియం లెక్క తప్పితే ఎముకలు వంకర్లు పోతాయి. ముద్దుగా పెంచామని తెచ్చి ఇచ్చిన వాటిల్లో నడవలేనివి చాలా చూశాను.

ఒంటరి పిల్ల పెరట్లో కనబడితే ముక్కు నుంచి తోక మొదలు దాకా కొలత చూడండి. ఏడు అంగుళాలు దాటి చురుగ్గా ఉంటే అది సొంతంగా బతికేదే, వదిలేయండి. అంతకన్నా చిన్నదైతే తల్లి వీపు మీద నుంచి జారిపడ్డది. తుమ్మినట్టు "ట్చ్, ట్చ్" అని పిలుస్తుంటుంది. పిట్ట పిల్ల దగ్గరికి తల్లి వచ్చినట్టు అపోసమ్ తల్లి వెనక్కి రావడం అరుదు, లెక్క చూసుకునే అలవాటు దానికి లేదు. కుక్కో పిల్లో నోట పట్టిందైతే గాయం కనబడకపోయినా తీసుకురండి.

బీగిల్ కోసం చిన్న అలవాటు చేసుకోండి. రాత్రి బయటికి వదిలే ముందు పెరటి లైటు వేసి, తలుపు రెండుసార్లు గట్టిగా చప్పుడు చేసి, అయిదు నిమిషాలు ఆగండి. అపోసమ్ మెల్లగా నడుస్తుంది, దానికి ఆ టైమ్ కావాలి. చెత్తడబ్బాలో పడి పైకి రాలేక తిప్పలు పడుతుంటే, డబ్బాని పక్కకి పడుకోబెట్టండి, లేదా ఒక చెక్క ఏటవాలుగా లోపలికి దింపి వెళ్లిపోండి. ఎక్కి పోతుంది.

ఇంకో జాగ్రత్త. నెట్‌లో పాసమ్ అని వెతికితే ఆస్ట్రేలియా సలహాలు కలిసిపోయి వస్తాయి. మెల్‌బోర్న్‌లో ఉన్న మా తమ్ముడి ఇంటి కప్పులో ఉండేది వేరే జంతువు, కుచ్చు తోక, ఆకులు ఎక్కువ తింటుంది. 1770లో ఇంగ్లీషు నావికుడు కెప్టెన్ కుక్ ఓడలో వెళ్లిన శాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్ అక్కడి జంతువుని చూసి అమెరికా అపోసమ్ రకమే అనుకోవడంతో ఆ పేరు అటు పాకింది. అక్కడ దానికి చట్టం రక్షణ ఉంది. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో పట్టుకుంటే పట్టిన చోటికి 50 మీటర్లలోపే వదలాలి. అదే జంతువుని 1837 నుంచి బొచ్చు వ్యాపారం కోసం న్యూజిలాండ్‌కి తీసుకెళ్తే అక్కడి అడవుల్నీ పక్షుల్నీ తినేసి పెద్ద బెడదైంది, వాళ్లిప్పుడు దాన్ని పూర్తిగా తుడిచిపెట్టే పనిలో ఉన్నారు. ఒకే పేరు, మూడు దేశాలు, మూడు రకాల రూల్స్. మీరు చదివేది ఏ దేశానిదో ముందు చూసుకోండి.

ఈ సాయంత్రమే కాగితం ఉండ పెట్టండి. నాన్నగారికి పని అప్పగించండి, పొద్దున్నే లేచి చూసేది ఎలాగూ ఆయనే కదా. మూడు రోజులు కదలకపోతే ఇక్కడే రాయండి, డెక్ ఫొటో కూడా పెడితే మెష్ ఎటు నుంచి మొదలుపెట్టాలో చెప్తాను. కదులుతూనే ఉంటే కూడా రాయండి. అప్పుడు లోపల పిల్లలున్నాయన్న లెక్కన ఇంకో రెండు మూడు వారాలు ఆగాల్సి ఉంటుంది.